ఖాళీగా వదిలిన ఏడో ప్రశ్న

ఆఫీసులో ఏటా చేయించే ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో నిన్న ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ట్రూ, ఫాల్స్ అని రెండే బటన్లు. ఏదో ఒకటి నొక్కితే తప్ప తెర ముందుకు కదలదు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా థర్డ్ గ్రేడ్ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఆ రోజు సైన్స్ టెస్టులో ఏడో ప్రశ్న: గుడ్లగూబ కనుగుడ్లు తిప్పలేదు, ట్రూ ఆర్ ఫాల్స్? నాకు తెలియదు. ఖాళీగా వదిలేశాను.

"జస్ట్ గెస్, స్వీటీ" అంది టీచర్.

చెమటకి జారుతున్న పెన్సిల్‌ని బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకున్నాను. అబద్ధసాక్ష్యం చెప్పకూడదని అంతకుముందు ఆదివారమే మా తెలుగు చర్చి సండే స్కూల్లో నేర్చుకున్నాను. తెలియకుండా ఏదో ఒక జవాబుకి సున్నా చుట్టడం కూడా దొంగసాక్ష్యమేనని నా నమ్మకం. ఆ సండే స్కూల్లో పాఠం చెప్పేది మా అమ్మే.

టీచర్ పంపిన చీటీ చదివి అమ్మ విసుక్కుంది. "ఏదో ఒకటి రౌండ్ చేసేస్తే పోయేది కదే!"

"నాకు తెలీదు మమ్మీ. తెలీకుండా చెప్తే లై కదా? నువ్వే చెప్పావ్."

అమ్మ చీటీ మీద సంతకం పెట్టింది.

పరీక్ష అంటే సాక్ష్యం కాదని పెద్దయ్యాక తెలిసింది. గుడ్లగూబ నిజంగానే కనుగుడ్లు తిప్పలేదనీ తెలిసింది. అయినా నిన్న ట్రైనింగ్ వాళ్ళకి, 'తెలియదు' అనే మూడో బటన్ పెట్టమని మెయిల్ పంపాను. ఆ పాత కాగితం మళ్ళీ చేతికిచ్చినా ఖాళీగానే తిరిగిస్తాను. ఆ రోజు నేను ట్రూ అని చుట్టి ఉంటే, అది అబద్ధమే.