లేని మేక, పోయిన పదవి

మా బావ సర్పంచి పదవిని ఊడగొట్టింది నేనే. నీలం సిరా కలం ఒక్కటే చాలింది ఆ పనికి. నా చేతిరాత చూసి నేనే మురిసిపోయే వయసులో జరిగిన ఘోరమిది. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా అప్ప మాత్రం ఇప్పటికీ నవ్వదు.

అప్పుడు నేను బరంపురంలో ఒక బట్టల కొట్లో గుమస్తాని. మా అప్పని పాత్రపూర్ దగ్గర పల్లెలో ఆదినారాయణ అనే రైతుకిచ్చారు. ఆయనే మా బావ. కొంచెం పొలం, నెమ్మదైన మాట. ఆ ఏడు ఊళ్లోవాళ్లు పట్టుబట్టి ఆయన్ని సర్పంచి పదవికి నిలబెట్టారు. పోటీకి నిలబడ్డవాడు రైసుమిల్లు సన్యాసిరావు. అతను రెండు జీపుల్లో మైకు పెట్టుకుని తిరిగాడు. మిల్లు ఆవరణలో పొయ్యి ఆరింది లేదు. మా బావ సైకిలు మీద తిరిగాడు. ఆయనకైన ఖర్చల్లా డిపాజిట్టు, కరపత్రాలు, వాటిని గోడలకు అంటించడానికి ఉడికించిన మైదాపిండి. అయినా తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు.

గెలిచినవాళ్లయినా ఓడినవాళ్లయినా నెలలోగా ఖర్చుల లెక్క రాసి బ్లాకాఫీసులో ఇవ్వాలి. ఖర్చుకి ఒక హద్దుంది, దాన్ని దాటకూడదు. ఇచ్చిన లెక్కని ఊళ్లో ఎవరైనా అడిగి నకలు తీసుకోవచ్చు. ఈ చివరి ముక్క నేను చదవలేదు.

బావ అరపేజీ లెక్క రాశాడు. నేను తోడెళ్లాను. అక్కడి గుమస్తా కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, “ఎమితి హేబ నాహి” అన్నాడు ఒరియాలో. ఇలా కుదరదు, సరిచేసి తెండి అని. ఏం సరిచేయాలో అడిగే లోపలే వేరే ఫైల్లో మునిగిపోయాడు.

బయటికొచ్చాక బావ అడిగాడు. “ఏటంతన్నాడు?”

“ఇంత తక్కువ ఖర్చంటే ఎవలు నమ్ముతారు బావా? సన్యాసిరావు లెక్క పక్కన మనది దొంగలెక్కలా ఉంది.”

“నాను పెట్టింది అంతే కదా.”

“నాకొదిలీ బావా. నువ్వు సంతకం పెట్టు సాలు.”

ఆ రోజు నా కలానికి పూనకం వచ్చింది. ఎనిమిది రోజులకు జీపు కిరాయి రాశాను. పూలదండలు రాశాను. ఇంకా నిండుదనం చాలలేదనిపించి, ‘ఎగువవీధి కార్యకర్తలు నలభై మందికి మేకమాంసంతో భోజనం’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. హద్దుకి ఇరవై రూపాయలు తక్కువలో ఆపి, నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను. ఎడమచేత్తో రసీదులు కూడా సృష్టించాను. బావ చదవకుండా సంతకం పెట్టాడు. “నువ్వు సదువుకున్నోడివి” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ పంటికింద రాయిలా తగులుతుంది.

సన్యాసిరావు నకలు తీసుకున్నాడు. టీకొట్లో నిలబడి పైకి చదివాడు.

ముందు దిగువవీధి వాళ్లు బావ అరుగు మీదికొచ్చారు. “ఎగువీధోలకి మేకని కోసినావట. మేవు ఓట్లెయ్యనేదా మావా?”

“నాను కోడిని కూడా కొయ్యనేదు” అన్నాడు బావ.

“కాయితం మీద నీ సంతకవే ఉంది మరి.”

వాళ్లు కదలకముందే ఎగువవీధి వాళ్లు దిగారు. “మా ఈధిలో ఒక్కడూ తిననేదు. ఆ నలభై మందీ ఎవలో పేర్లు సెప్పు.” వాళ్ల వెనకనుంచి ఒకావిడ అంది, “మా ఇంటాయన అందులో ఉన్నాడా నేదా, అదొక్కటీ సెప్పండి నాకు.”

కబురందుకుని నేను పరుగెత్తుకొచ్చాను.

“ఏటి రాసినావు?” అన్నాడు బావ.

“మేక.”

“ఏ మేక?”

“నేని మేక బావా.”

అప్ప వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసింది. “నేని మేకని కోసినావు. ఇప్పుడు ఉన్న గేదెనమ్మాల” అంది. తిట్టినా బాగుండేది.

గేదెని అమ్మారు. రెండు మేకల్ని కొని రెండు వీధులకూ భోజనం పెట్టారు. సన్యాసిరావు మనుషులు కూడా శుభ్రంగా తిని, ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లారు. వడ్డించింది నేనే.

వారం తిరక్కుండా నోటీసొచ్చింది. ఆ భోజనాలు లెక్కలో లేవని, కలిపితే హద్దు దాటుతుందని సన్యాసిరావు ఫిర్యాదు. విచారణకు వెళ్లాం.

“ఈ మేకలు లెక్కలో ఉన్నాయా?” అని అడిగాడు ఆఫీసరు.

“నేవు బాబూ. లెక్కలో ఉన్న మేక వేరు” అన్నాడు బావ.

“అదేదీ?”

“దాన్ని కొయ్యనేదు.”

ఆఫీసరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతా విని ఆయన అన్నాడు, “రాసింది అబద్ధమైతే అది దొంగలెక్క. నిజమైతే హద్దు దాటిన లెక్క. ఏదని రాసుకోమంటావు?”

బావ అన్నాడు, “అబద్ధవనే రాసుకోండి బాబూ. తిండిపెట్టి ఓట్లు కొన్నానన్న పేరు నాకొద్దు.”

పదవి పోయింది. వరండాలో ఆ పాత గుమస్తా కనిపించాడు. ఆగలేక అడిగాను, ఆ మొదటి లెక్కలో ఏం సరిచేయమన్నారని. పాన్ నములుతూ గుర్తు తెచ్చుకున్నాడు. “అడుగున తారీకు వెయ్యలేదు.”

బావ సైకిలు తీస్తూ అన్నాడు, “గేదె పోతే పోనాది. ఇంక నాను నిజం సెప్పినా ఎవలూ నమ్మరు.” సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ బయల్దేరాడు. ఆ దారంతా నేను సైకిలు వెనకే నడిచాను.

మళ్లీ ఎన్నిక పెట్టారు. సన్యాసిరావు గెలిచాడు. ఒక మధ్యాహ్నం బరంపురంలో మా కొట్లోకి వచ్చాడు. పంచెల కోసమనుకుని తానులు దించాను. అతను సంచిలోంచి తన ఎన్నికల ఖర్చుల కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టాడు.

“నేని మేకని పుట్టించినోడివి. నాకు ఇరవై మేకలున్నాయి. ఎలాగోలా మాయం సేసిపెట్టు బాబూ.”

ఆ క్షణం నుంచి కఠోర నియమం పాటిస్తున్నాను. ఎన్నికల లెక్క రాయను. రాసేవాళ్ల పక్కన కూర్చోను. మా ఇంట్లో మాంసం వండిన రోజున మాత్రం, ఎందుకైనా మంచిదని, పొరుగువాళ్లిద్దరిని పిలిచి చూపించి మరీ తింటాను.