అట్ట వెనక రాయని పేరు

నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది ఒక పేరు. బరువు ఎక్కువేమీ కాదు, మూడు మాటలు. కానీ దించుకునే చోటు దొరకక ఆఫీసుకు, పెళ్లిళ్లకు, పరామర్శలకు వెంటబెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే దీన్ని జోకు చేసి చెప్పేవాణ్ణి. జోకు చేసి చెప్పడం నాకు బాగా వచ్చు. జరిగినదానిలో సగం పాపం దానిదే.

డెబ్బైల మొదట్లో సత్తయ్య అనే స్నేహితుడు ఉండేవాడు. ఇప్పటికీ ఉన్నాడు. యాకుత్‌పురాలో రైలు గేటు పక్క గల్లీలో ఇల్లు, ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఒక గిటారు కొన్నాడు. దానికి ఒక తీగ తక్కువ. ఆ తీగ లేకుండానే నేర్చుకున్నాడు కాబట్టి తరువాత తీగ వేయించినా దాని జోలికి వెళ్లేవాడు కాదు. పాటలు తనే రాసేవాడు, తనే కట్టేవాడు. గేటు దగ్గర ఆగిపోయిన సైకిళ్లు, షిఫ్టు సైరను, వాళ్లమ్మ పాలమూరు నుంచి తెచ్చుకున్న నాట్ల పాటలు, ఇవీ అతని సరుకు.

వాటికి అతను బార్కస్ మర్ఫా కలిపాడు. మర్ఫా అంటే మా దగ్గర పెళ్లి ఊరేగింపుల ముందు అరబ్బు వంశాల వాళ్లు వాయించే డప్పుల దరువు. తాతల కాలంలో సముద్రం దాటి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ కుటుంబాలు వాళ్లవి. పాతబస్తీలో హిందువుల పెళ్లికైనా మర్ఫా ఉంటేనే ఊరేగింపు కదులుతుంది. నాట్ల పాట కింద మర్ఫా, పైన ఐదు తీగల గిటారు. వినకముందు నేను నవ్వాను. విన్నాక ఊరుకున్నాను. నాకది అరుదు.

పత్తర్‌గట్టిలో రేడియోలు, రికార్డులు అమ్మే ఒక సేఠ్ ఆ పాటలు విని, మద్రాసులో రికార్డు చేయిస్తానన్నాడు. ఎనిమిది పాటల ఎల్పీ. పేరు 'పట్టాలవతల'. సత్తయ్య డప్పులవాళ్లను తీసుకుని మద్రాసు రైలెక్కాడు. రికార్డు అట్ట వెనక రాయవలసిన నాలుగు ముక్కలు నాకు అప్పజెప్పాడు. నేను బీయే ఇంగ్లీషు లిటరేచరు. మా గల్లీలో ఆ చదువుకు అంతవరకు వేరే ఉపయోగం ఎవరికీ కనబడలేదు.

ఎనిమిది పాటల్లోనూ అందరికీ నచ్చింది ఒకటే. దాని మాటలు సత్తయ్యవి, బాణీ కాదు. అది మరియం ఖాలాది, అంటే మరియం పిన్నిది. బార్కస్‌లో డప్పులవాళ్ల ఇంటి పెద్దావిడ, ఆడవాళ్ల కూటాల్లో పాడేది. బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ ఆ బాణీ కట్టింది. రాయి కనబడితే చెయ్యి ఆగేది, చెయ్యి ఆగితే పాటా ఆగేది. అందుకే చరణం మధ్యలో ఒకచోట ఊపిరి బిగబట్టినట్టు చిన్న ఆగుడు ఉంటుంది. సత్తయ్య దాన్ని అలాగే ఉంచాడు. బాణీ అడిగితే ఆమె పెట్టిన షరతు కూడా ఒకటే, పేరు రాయాలని.

మద్రాసు నుంచి అతను నాకు కార్డు రాశాడు. ఖాలాను కలిసి పేరు ఎట్ల రాయాల్నో అడుగన్నా, తప్పు పోవద్దు అని.

వెళ్లాను. ఆ మాట దాచను. పరదా అవతలి నుంచి ఆమె మూడుసార్లు చెప్పింది. "మరియం బింతె సాలెహ్. సాలెహ్ బిడ్డ అని. బింతె మర్చిపోకు బేటా. అది లేకుంటే మా బాపు పేరు పోతది." కాగితం మీద రాసుకున్నాను కూడా.

కానీ అప్పటికే నేను ఆ పాట గురించి ఒక పేరా రాసి ఉన్నాను. నా జీవితంలో రాసిన అన్నిటికంటే మంచి పేరా అది. నేనే చెప్పుకోవాలి, వేరే దారి లేదు. ఈ బాణీ ఎడారి దాటి, సముద్రం దాటి, ఒంటె మెడలో గంటలా మోగుతూ మన దాకా వచ్చిందనీ, కట్టినవారు అజ్ఞాత అనీ, చరణం మధ్యలో వినిపించేది ఎడారి నిట్టూర్పు అనీ రాశాను. నేను ఒంటెను జూలో తప్ప చూడలేదు. ఎడారిని అక్కడా చూడలేదు.

ఇంటికి వచ్చి ఆ మూడు మాటలు పేరాలో ఇరికించాలని చూశాను. ఎక్కడ పెట్టినా ఒంటె ఆగిపోతోంది. బార్కస్ గల్లీలో బియ్యం ఏరుకునే మనిషి పేరు పెట్టాక ఎడారి ఎక్కడ నిలుస్తుంది? పేరా కొట్టేసి మళ్లీ రాయవచ్చు. అరగంట పని. ఆ అరగంట నేను ఎందుకు కూర్చోలేదు? డబ్బు ఆశా కాదు, పగా కాదు. అవైతే చెప్పుకోవడానికి కొంత గౌరవంగా ఉండేది. ఒక వాక్యం మీది మోజు, అంతే.

సత్తయ్యకు కార్డు రాశాను. ఖాలా పేరు వద్దంది, ఇంట్లో మగవాళ్లు ఏమనుకుంటారోనని జంకుతోంది అని. ఎవరూ అనుమానించలేదు. పరదా ఉన్న ఇంటి ఆవిడ పేరు అచ్చులో వద్దంటే మా పాతబస్తీలో మారు ప్రశ్న వేయరు, వేయడం మర్యాద కాదు. ఆ మర్యాద మీద ఆనుకునే నా అబద్ధం నిలబడింది. ఆమె పెట్టుకున్న పరదా వెనక నేను దాక్కున్నాను.

రికార్డు వచ్చింది. మొదటి కాపీ ఖాలాకు ఇచ్చి రమ్మని సత్తయ్య నన్నే పంపాడు. తను వెళితే ఆ పాట ఊసు ఎత్తినట్టవుతుంది, ఆమెకు ఇబ్బంది అన్నాడు. ఆ రోజు ఆమె పరదా కొంచెం పక్కకు జరిపి అట్టను ఒళ్లో పెట్టుకుంది.

"ఏది బేటా, నా పేరు ఏడుంది?"

"వెనక ఉంది ఖాలా."

"వెనకనా. మంచిదే. ముందల సత్తయ్య ఫోటో పెట్టుకున్నడు, పిల్లనిచ్చెటోళ్లు చూస్తరని." నవ్వింది. "వేలు పెట్టి చూపియ్యి. నాకు తెలుగు మాట్లాడుడు వస్తది, చదువుడు రాదు."

అక్కడ చెప్పవచ్చు. రాయలేదు ఖాలా, తప్పయింది అని. నోరు తెరిచాను కూడా. వేలు మాత్రం వెళ్లి ఒక మాట మీద ఆగింది. అజ్ఞాత.

"గింత చిన్నగున్నదేంది? బింతె సాలెహ్ గూడ రాసినవా?"

"రాసిన ఖాలా. తెలుగు అక్షరం గుండ్రంగ ఉంటది గద, ఎంత పెద్ద పేరైన గింతలనే చుట్టుకుంటది."

ఆమె మస్తుగా నవ్వింది. నేను వేసిన జోకులన్నిటిలో అంత బాగా పేలింది ఇంకొకటి లేదు. నా వేలు తీశాక, అదే చోట తన వేలు పెట్టి కాసేపు ఉంచింది. గోరింటాకు పండిన వేలు.

ఆ పేరాకు మంచి పేరు వచ్చింది. ఎడారి నిట్టూర్పు అన్న మాటను నలుగురూ వాడుకున్నారు. బియ్యంలో రాయి ఏరిన చోటుకు పెద్దమనుషులు కళ్లు మూసుకుని తలలు ఊపేవారు. నేనూ ఊపేవాణ్ణి. సత్తయ్య బార్కస్‌లో ఎక్కడ పాడినా ఆ ఒక్క పాట పాడేవాడు కాదు. ఖాలా ఇజ్జత్ ముఖ్యం అనేవాడు. తన పాట తన గల్లీలో సత్తయ్య ఎందుకు పాడడో ఖాలాకు తెలియదు. అడిగి చులకన అయ్యే మనిషి కాదు. ఇద్దరూ ఒకరిని ఒకరు గౌరవించుకుంటూ దూరమయ్యారు. మధ్యలో నేను ఇద్దరికీ సలాం కొడుతూ తిరిగాను.

పదేళ్లు దాటాక ఖాలా పోయింది. సత్తయ్య, నేను పరామర్శకు వెళ్లాం. ముందు గదిలో గోడకు ఆ అట్ట, అద్దం లేని చెక్క చట్రంలో, తిరగేసి తగిలించి ఉంది. సత్తయ్య ఫోటో గోడవైపు, నా పేరా గదివైపు. వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించేదట. పెట్టీ పెట్టీ ఆ చోట అచ్చు చెరిగిపోయింది. కట్టినవారు అన్న మాట తరువాత తెల్లటి మచ్చ ఉంది, అంతే.

సత్తయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఖాలాకు నీ రాత అంత పసందైంది కావచ్చన్నా," అని సైకిలు తీయడానికి బయటికి నడిచాడు.

గడప దగ్గర ఖాలా బిడ్డ జుబేదా ఆపింది. చిన్నప్పుడు జ్వరం వచ్చిన బిడ్డ ఈమే. అప్పటికి దవాఖానలో నర్సు.

"నాకు తెలుగు చదువుడు వస్తది సార్. నౌకరీల చేరినప్పుడే నేర్చుకున్న," అంది. గొంతు పెంచలేదు. "అమ్మీకి చెప్పలే. మీరే వచ్చి చెప్తరేమో అని చూసిన."

తల వంచుకుని చెప్పులు వేసుకున్నాను. ఒకటి తొడిగి, రెండోది చేతిలో పట్టుకుని గల్లీ మలుపు దాకా నడిచానని తరువాత తెలిసింది. సత్తయ్య చూశాడు. ఫికర్ పడకన్నా, పెద్ద వయసు గదా ఆమెది అన్నాడు. అప్పుడూ చెప్పలేదు.

ఎందుకు? అతని స్నేహం పోతుందనా? ఆ పాట అందం పోతుందనా? ఆలోచించిన ప్రతిసారీ అడుగున ఒకటే తగులుతుంది. ఆ పేరా ఇప్పటికీ నాకు నచ్చుతుంది. సిగ్గుపడవలసింది చేసినదానికి మాత్రమే కాదు, దీనికి కూడా.

సత్తయ్య పేరు ఇక్కడ మార్చాను. రికార్డు పేరూ మార్చాను. అయినా ఇది అతని కంటపడితే రెండో పేరాకే గుర్తుపడతాడు. పడనీ. జుబేదా చదివితే క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు, ఆ ఆశతో రాయడం లేదు. ఒంటెను దించి, ఎడారిని తీసేసి, ఆ రోజు అరగంటలో రాయవలసినది ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం మార్చలేదు. రాసి చూస్తే అర వరుస కూడా పట్టలేదు.

బాణీ: మరియం బింతె సాలెహ్, బార్కస్.

ఆమె వేలు చెరిపేసిన ఆ పాత మాట ఖాళీగా ఉంది. దానికి తగిన మనిషిని నేనే.

రాసినది: అజ్ఞాత.