నాలుగు వేళ్ల జాగ

మా మేనమామ పోయిన బుధవారం కన్నుమూశారు. అత్తమ్మ ఫోన్ చేసి, "మీ మామ లేడు బిడ్డా. చాయ్ తాగిండు, కుర్చీల గట్లనే ఒరిగిండు" అంది. ఏడవలేదు. నేనూ ఫోన్ పెట్టేసి, పొయ్యి మీది పాలు దించి, చెప్పులు వేసుకుని గౌలిపురలోని వాళ్లింటికి బయల్దేరాను.

ఉస్మాన్‌గంజ్‌లో ఆయనది గోనెసంచుల టోకు వ్యాపారం; సరుకు నింపి కుట్టిచ్చే పనీ ఉండేది. చేతిలో దబ్బనం లేకుండా ఆయనను చూసినవాళ్లు తక్కువ. నిండిన బస్తా మూతి కుట్టి, అరచేత్తో ఒక్కటి చరిచేవారు. డప్పులా మోగాలి. "మూతి బిగువుంటెనే మాల్‌కు ఇజ్జత్" అనేవారు.

ఆయనకున్న ఒకే షోకు, గుడ్డ టాపు ఉన్న ఓ పాత కారు. తాతల నాడు బర్రెలు కట్టేసిన కొట్టంలో ఉండేది. టాపు చిరిగి పోగులు వేలాడుతుండేవి. అత్తమ్మ అందులో కాలు పెట్టేది కాదు. "నెత్తి మీద నీడ లేని బండిల నేను రాను. గల్లీ మొత్తం నన్నే చూస్తది" అనేది. చవితికి విగ్రహాలు చేసే ధూల్‌పేట్ నుంచి ఇంటి వినాయకుణ్ణి తెచ్చే రోజైనా ఆమె అందులో కూర్చోవాలని మామ కోరిక. ఇంతకుమించి ఆయన ఏమీ కోరుకున్నట్టు నాకు గుర్తు లేదు.

ఓ ఎండాకాలం, కొత్త టాపు ఇంట్లో తానే వేస్తానని పట్టుబట్టారు. సీట్ కవర్లు కుట్టేవాళ్లు చేస్తామన్నా వినలేదు. పాత టాపు ఊడదీసి, డాబా మీద పరిచి, దాని కొలతకు కొత్త కాన్వాసు కత్తిరించి కుట్టారు. బిగించేటప్పుడు రెండో అంచు నేను పట్టుకున్నాను. "ఇంక గుంజు! పొద్దుగాల అన్నం తినలేదా ఏంది?" అని నా మీద అరుపులు. మిట్టమధ్యాహ్నపు ఎండలో దాన్ని సాగదీసి ఇనుప చట్రానికి బిగించారు. ముందు అద్దం మీది కొక్కేలకు తగిలించి, అరచేత్తో చరిచారు. డప్పులా మోగింది. గల్లీవాళ్లు వచ్చి తలా ఒక దెబ్బ వేసి మెచ్చుకుని పోయారు. తర్వాత కొత్త గుడ్డ మాసిపోతుందని దాన్ని వెనక్కి మడిచి, చవితి దాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

చవితి ముందురోజు అత్తమ్మ పట్టుచీర కట్టుకుని మొదటిసారి ఆ కారెక్కింది. నేను వెనక కూర్చున్నాను. "మబ్బు లేదు, గాలాడుతది. వచ్చేటప్పుడు టాపు ఏస్త" అని మామ బతిమాలితే సరేనంది. తిరుగు దారిలో, పురానాపూల్ దాటగానే వాన. అత్తమ్మ ఒళ్లో పచ్చిమట్టి వినాయకుడు. మామ దిగి టాపు ముందుకు లాగారు. రాలేదు. వానాకాలపు చెమ్మకు ఆ కాన్వాసు మడతలోనే ముడుచుకుపోయింది. కొక్కేలకు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. నేను వేలాడాను. ఓ ఆటో అతను దిగివచ్చి "జోర్ లగావ్ భాయ్" అంటూ తానూ వేలాడాడు. లాభం లేకపోయింది. అత్తమ్మ పట్టుకొంగు వినాయకుడికి కప్పి, తను తడిసి ముద్దయింది.

ఇంటికొచ్చి వినాయకుణ్ణి పీట మీద కూర్చోబెట్టింది. కనీసం చెవి కూడా కరగలేదు. కొంగు పిండుకుంటూ మామతో, "అంత గుంజుడెందుకు? నాలుగు వేళ్ల జాగ ఇడిస్తే నీ సొమ్మేం పోయింది?" అంది.

 పండుగ వెళ్లాక మామ టాపు ముందంచుకు నాలుగు వేళ్ల గోనెపట్టా అతుకేసి కుట్టారు. చూడ్డానికి దరిద్రంగా ఉండేది. మళ్లీ మార్చలేదు. ఆ గోనెపట్టా కిందే అత్తమ్మ ఏటా ధూల్‌పేట్ వెళ్లొచ్చింది. బస్తాల ఇజ్జత్ మాట మామ నోట మళ్లీ వినలేదు. నేను ఆఫీసు లొల్లి ఏదైనా మోసుకొస్తే, "జెర జాగ ఇడువు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అనేవారు. ఆ మాట నన్ను చాలాసార్లు కాపాడింది. బతికుండగా ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం వాకిట్లో ఆయనను పాడె మీద పడుకోబెట్టి తాడు బిగిస్తున్నారు. దుకాణంలో పనిచేసేవాళ్లే, బస్తా కట్టిన చేతులు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చింది.

"గంత బిగువద్దు. నాలుగు వేళ్ల జాగ ఇడువుండ్రి."

వాళ్లు ముడి వదులు చేశారు. అత్తమ్మ వంగి, ఆయన ఛాతీకీ తాడుకూ మధ్య నాలుగు వేళ్లు దూర్చి చూసింది. పట్టాయి. కాసేపు చెయ్యి తీయలేదు.