మూడు గీతల మీద ఒకటే బడి

1989 వేసవిలో నేను మిర్యాలగూడలో బాల్వాడీల సూపర్‌వైజర్‌ని. బాల్వాడీ అంటే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు సర్కారు నడిపే బడి. ఆటలు, పాటలు, మధ్యాహ్నం ఇంత ఉప్మానో కిచిడీనో. సాయంత్రం దాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఒక టీచరమ్మ, ఒక ఆయా ఉంటారు. అంతకుముందు సూర్యాపేటలో ఇదే పని చేశాను, తర్వాత కోదాడలోనూ చేశాను. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఆ వేసవి సంగతే.

సూర్యాపేటలో పిల్లల కోసం మేమే ఇల్లిల్లూ తిరిగి బతిమాలేవాళ్లం. మిర్యాలగూడ అలా కాదు. రైస్ మిల్లులతో పెరిగిన ఊరు. ఆడవాళ్లంతా మిల్లు పనికి పోతే పసిపిల్లల్ని చూసేదెవరు? ఊళ్లో ఉన్న ఐదు బాల్వాడీల్లో సీట్లు ఎన్నో, అడిగేవాళ్లు అంతకు రెట్టింపు. ఫలానావాళ్ల పిల్లను చేర్చుకోండి అంటూ పెద్దమనుషుల సిఫారసులు మొదలయ్యాయి. ఆ పోరు పడలేక మా ఆఫీసరు ఆ ఏడు డ్రా పెట్టమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సిఫారసు చేసేవాళ్ల మొహం మీద కాదనడం నాకెప్పుడూ కష్టం కాలేదు గానీ, దానికి పట్టే టైమే దండగ.

డ్రా పద్ధతి తేలికే. దరఖాస్తులో మూడు గీతలుంటాయి. వాటి మీద మనకు కావలసిన మూడు బడుల పేర్లు వరుసగా రాయాలి. దీన్నే ప్రిఫరెన్స్ అంటారు. పిల్లల పేర్ల చీటీలు బిందెలో వేసి ఒక్కొక్కటే తీస్తాం. పేరు వచ్చిన పిల్లకు మొదటి గీత మీది బడిలో ఖాళీ ఉంటే అదే ఇస్తాం. లేకపోతే రెండోది, అదీ నిండిపోతే మూడోది. మూడూ నిండితే వెయిటింగ్ లిస్ట్. అంటే ఎవరో ఒకరు బడి మానేసేదాకా ఆ పిల్ల ఇంట్లోనే.

చదువు రానివాళ్లకు దరఖాస్తులు నేనే రాసిపెట్టేదాన్ని. మొదటి రోజే ఒక వింత గమనించాను. మిల్లు ఆడవాళ్లు మూడు గీతల మీదా ఒకటే పేరు రాయమంటున్నారు, మిల్లు రోడ్డు బాల్వాడీ. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వరసపెట్టి దాదాపు అందరూ అంతే. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

సక్కుబాయి వచ్చింది అప్పుడే. దామరచర్ల దగ్గరి లంబాడీ తండా మనిషి. మిల్లు పని కోసం ఊళ్లోకి వచ్చి ఒక కిరాయి గదిలో ఉంటోంది. మొగుడు లారీల వెంట తిరిగే హమాలీ, ఇంట్లో కనిపించేది తక్కువ. మూడేళ్ల కొడుకు రాజు ఆమె కూతురు లచ్చి చంకలో ఉన్నాడు. లచ్చికి ఎనిమిదేళ్లు ఉంటాయేమో. రెండో తరగతి అయ్యాక, తమ్ముణ్ని చూసుకోవడానికి మాన్పించారు. రాజుకు బాల్వాడీ దొరికితే లచ్చి మళ్లీ బడికి పోతుంది, దొరక్కపోతే ఇక అంతే. ఈ సంగతి సక్కుబాయే మొదటి మాటగా చెప్పింది. చెప్పి, దరఖాస్తు మీద వేలు పెట్టింది.

"రాయి మేడం. మూడు గీతల మీద మిల్లు రోడ్డే రాయి."

"అట్ల రాస్తే నష్టం నీకే. అది నిండితే నీ కొడుక్కి ఇంకేదీ రాదు."

"రెండోది అడగొద్దు మేడం. మా మిల్లుల గుమస్తా అడుగుతడు, ఒడ్లు ఆరబోస్తవా, బాయిలర్ కాడ బూడిద ఎత్తుతవా అని. ఏదైనా సరే అన్నమనుకో, బూడిద గంపే నెత్తిన వెడ్తడు. అందుకే మేం ఒడ్లు అనే ఒక్క మాట తప్ప రెండో మాట మాట్లాడం."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఇది తెలియనితనం కాదు. మిల్లు గేటు దగ్గర రోజూ పనికొచ్చే తెలివే. కాకపోతే డ్రాలో అడిగేది గుమస్తా కాదు, బిందె. బిందెకు ఎవరు గట్టిగా అడిగారో, ఎవరు మెత్తగా అడిగారో తెలియదు. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు, కళ్లతో చూపించాలి అనుకున్నాను. ఆమె దరఖాస్తు రాయకుండా పక్కన పెట్టాను.

మర్నాడు అన్నాల వేళకు ఆయాను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లాను. ఐదు స్టీలు పళ్లేలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో గుప్పెడు పల్లీలు పోశాను. ఒక్కో పళ్లెం ఒక్కో బడి, ఒక్కో పల్లీ ఒక్కో సీటు. ఆడవాళ్లంతా వాళ్ల దరఖాస్తులో చెప్పినట్టే చెప్పాలని షరతు పెట్టాను. ఆయా చీటీలు తీసింది. మిల్లు రోడ్డు పళ్లెం చూస్తుండగానే ఖాళీ అయింది. రెండో పేరు చెప్పిన కొద్దిమంది పక్క పళ్లేల్లోంచి పల్లీ తీసుకుని నోట్లో వేసుకున్నారు. మిగతావాళ్లు వట్టి చేతులతో నిలబడ్డారు. ఎదురుగా పళ్లేల్లో ఇంకా పల్లీలున్నాయి, వీళ్లకు మాత్రం లేవు. ఒకరినొకరు చూసుకుని ఒకటే నవ్వు.

సక్కుబాయి నవ్వలేదు. "ఉత్తుత్తి డ్రాల గూడ నా కొడుక్కి రాకపాయె" అంది.

సాయంత్రం పని దిగి లచ్చిని, రాజును తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఈసారి నేను గీతల గురించి ఎత్తలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను.

"మిల్లు రోడ్డే ఎందుకు నీకు?"

"మిల్లు పక్కన్నే ఉంటది గద. పిలగాడు ఏడిస్తే ఉరికొచ్చి సూస్కోవచ్చు."

"పని మధ్యల గుమస్తా వదుల్తడా?"

"వదలడు."

"పొద్దున మరి? నువ్వు పనికెక్కినంక గంటకు గాని బాల్వాడీ తలుపు తీయరు. పిలగాణ్ని దిగబెట్టేదెవరు?"

"లచ్చి."

"లచ్చి బడి ఎక్కడ?"

పాత గోదాం పక్కన. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని బాల్వాడీ కూడా అక్కడే ఉంది. రేకుల కప్పు, గోనెసంచుల వాసన, ఆడుకోవడానికి జారుడుబల్ల కూడా లేదు. టీచరమ్మ మాత్రం మా అందరిలోకీ ఓపిక గల మనిషి. లచ్చి వెళ్లాల్సిన బడికీ దానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. సక్కుబాయి నా వంక కాదు, కూతురి వంక చూసింది. వాళ్ల భాషలో ఏదో అడిగింది. లచ్చి తలూపింది.

"అయితే గోదాం రాయి. మూడు గీతల మీద గోదామే" అంది.

నాకు నవ్వాగలేదు. మనిషి బడి మార్చుకుంది గానీ పట్టు మార్చుకోలేదు. పల్లీలు గుర్తుచేశాను. గునిసింది, నసిగింది. చివరికి లచ్చే నోరు విప్పింది. "రైల్వే గేటు కాడి బడికైతే తమ్మున్ని దింపి నేను ఉరికి రావొచ్చు." ఆ బడి గేటుకు ఇవతలే, పట్టాలు దాటే పని లేదు. మొదటి గీత మీద గోదాం, రెండో గీత మీద రైల్వే గేటు, మూడో గీత మీద మిల్లు రోడ్డు రాశాను. సక్కుబాయి బొటనవేలు ముద్ర వేసింది.

డ్రా రోజున ఆఫీసు వరండా నిండా జనమే. చీటీలు తీస్తుంటే ఒక సంగతి తెలిసొచ్చింది. నా పల్లీల పాఠం అందరికీ బాగా ఎక్కింది. మిల్లు ఆడవాళ్లంతా బాల్వాడీ టీచరమ్మల చేత దరఖాస్తులు మార్పించుకున్నారు. ఎవరికీ అక్కర్లేని గోదాం ఇప్పుడు అందరి రెండో గీత మీదా ఉంది. మిల్లు రోడ్డు నిండగానే పేర్లన్నీ గోదాం మీద పడ్డాయి. రాజు చీటీ రాకముందే గోదాం కూడా నిండిపోయింది. నేను చెప్పిన పాఠమే సక్కుబాయి కోరిన సీటును ఊడ్చేసింది. బాధ కలిగిందా అంటే కలిగింది. తప్పు చేశానా అంటే చేయలేదు. తెలివి ఒకరికే చెప్పి మిగతావాళ్లను వదిలేస్తే అది కూడా సిఫారసే.

రాజు చీటీ వచ్చేసరికి రైల్వే గేటులో ఇంకా ఖాళీలున్నాయి. పేరు చదివి, రెండో ప్రిఫరెన్స్ వచ్చిందని చెప్పాను. సక్కుబాయి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"మొదటిది రాలేదా మేడం?"

"రాలేదు. రెండోది వచ్చింది."

"అంటే పిలగాడు ఇగ ఇంట్ల ఉండడు గద?"

"ఉండడు."

కొంగుతో మొహం తుడుచుకుంది. లచ్చి చంకలోని రాజును తాను తీసుకుని, కూతురి తల మీద చెయ్యి పెట్టింది. "పిలగానికి కాదు మేడం, నా బిడ్డకొచ్చింది సీటు" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా అంతమంది జనం, తీయాల్సిన చీటీలు ఇంకా బోలెడు. తర్వాతి చీటీ విప్పి పేరు చదివాను.

బడులు తెరిచాక లచ్చి బడి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను. తమ్ముణ్ని రైల్వే గేటు దగ్గర దింపి వచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది, ఆలస్యమని పిల్లను బయట నిలబెట్టొద్దన్నాను. "రోజూ లేటంటే ఎట్లమ్మా?" అన్నాడాయన. "అసలే రాకపోవడం కన్న నయమే గద సార్" అన్నాను. నవ్వి, మూడో తరగతిలో కూర్చోబెట్టమన్నాడు.

ఆ ఏడు నుంచి నేను దరఖాస్తు రాసే పద్ధతి మారింది. ఏ బడి కావాలని ముందే అడగడం మానేశాను. తర్వాత కోదాడలో పనిచేసినప్పుడు "మావాడికి మంచి బడి రాయండమ్మా" అంటూ వచ్చిన తండ్రులను కూడా మొదట ఒకటే ప్రశ్న అడిగేదాన్ని: "ఈ పిల్లాడు బడికి పోతే మీ ఇంట్లో ఇంకెవరు బడికి పోతారు?" చాలామంది ఏమీ అర్థం కాక నా మొహం చూసేవాళ్లు. కాసేపటికి, తలుపు దగ్గర చంకలో పిల్లాడితో నిలబడి ఉన్న ఆడపిల్ల వైపు తిరిగేవాళ్లు. అప్పుడు పెన్ను మూత తీసేదాన్ని.