చక్రం ముట్టి చూసినాయన

కారు వెనక తగిలించుకొని పోయే క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు. మొదటిసారి బయలుదేరే ముందు ట్యాంకు కడిగాను, పరుపులు ఎండబెట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. చక్రాల లోపల ఏముందో మాత్రం చూడలేదు.

ఆ మంచం మీదే పడుకుంటానని మా ఏడేళ్ళ పాప ఒకటే ఏడుపు. బొమ్మనహళ్ళి దాటాక ఒప్పుకొని ట్రైలర్‌లో పడుకోబెట్టాను. దారిలో కాలిన వాసన వస్తే ఫ్యాక్టరీలదేమో అనుకున్నాను.

అత్తిబెలెలో టీకి ఆగాను. పక్కన లారీ నిలిపిన పెద్దాయన తన చక్రాలు ఒక్కొక్కటే ముట్టి చూసుకుంటూ వచ్చి, అలాగే మా ట్రైలర్ చక్రం మధ్యన కూడా వేళ్ళు ఆనించి చటుక్కున తీసేశాడు.

"లోపల ఎవరన్నా ఉండారా అప్పా?"

"మా పాప. నిద్రపోతా ఉండాది."

"ముందు దింపు. చక్రం కాలిపోతా ఉండాది, బేరింగులో గ్రీసు ఎండిపోయుండాది. ఇంకొంచెం దూరం పోయింటే చక్రం ఊడొచ్చేది."

నేను వంగి చక్రం ముట్టబోయాను. ఆయనే తలుపు తీసి, నిద్రలో ఉన్న పాపను ఎత్తుకొచ్చి నా భుజాన వేశాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు గ్రీసు నేనే పెడతాను. ఎక్కడ ఆగినా ముందు దిగి చక్రాలు ముట్టి చూస్తాను. చల్లగా తగిలినా మళ్ళీ ఓ చుట్టు తిరిగి చూస్తాను.

పాప మాత్రం, ఆ రోజు ఆ మంచం మీద పట్టినంత నిద్ర మళ్ళీ ఎప్పుడూ పట్టలేదంటుంది.