గెర్బ్రిఖ్ టీచర్ నేర్పిన పడటం

కర్ర్‌ర్... గడ్డకట్టిన కాలువ మీద కుర్చీ కాళ్ల రాపిడి. ఆ చప్పుడు వింటే, ఎవరో పసివాళ్లు వంటింటి కుర్చీని తోసుకుంటూ స్కేటింగ్ మొదలుపెట్టారనుకుంటాం నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న మా ఫ్రీస్‌లాండ్‌లో. ఆ ఉదయం పొగమంచు తెర తొలిగితే, కుర్చీ వెనక ఎర్ర ఉన్నిటోపీతో ఎనభై దాటిన గెర్బ్రిఖ్ టీచర్! ఆ వెనక, రొప్పుతూ కూతురు హిస్కె.

"అమ్మా, ఆగు! తుంటి ఆపరేషనై ఏడాది కాలేదు!"

"కాలవ గడ్డకట్టి ఆరేళ్లయిందే! సాయంత్రం వానట. ఇది కరిగితే మళ్లీ ఎప్పటికో, అప్పటికి నేనుంటానో లేదో. ఆ వంతెన దాకా, కుర్చీ లేకుండా, ఒక్కసారి పోనీ."

అప్పటికే స్కేట్లు కట్టుకుని కాలువ మీదికి చేరిన మా అందరికీ ఒకటో తరగతి చెప్పింది ఆవిడే. అక్షరాలకంటే ముందు పడటం నేర్పింది. బడి గదిలో గడ్డి పరిచి, మోకాళ్లు వంచి, చేతులు గుండెకు హత్తుకుని, పక్కకు ఒరిగి, నవ్వమనేది. నవ్వకపోతే మళ్లీ పడాలి. రెండో పాఠం: పక్కవాడు పడుతుంటే చెయ్యి పట్టి లాగకు, వాడికంటే ముందు నువ్వు పడు, వాడికి మెత్తగా ఉంటుంది.

అందుకే మా ఊరివాళ్లు ఎక్కడున్నా ఒకేలా పడతారు. మాంసం కొట్టు వీబె పెళ్లిలో చర్చి మెట్ల మీద పెళ్లికూతురు కాలు జారితే, పెళ్లికొడుకు అప్పటికే కింద పడుకుని నవ్వుతున్నాడు. పొరుగూరి వియ్యాలవారు కొయ్యబారిపోయారు.

ఆ వీబెయే ఇప్పుడు పొడవాటి కర్రతో వచ్చాడు. "టీచర్, నడుమ మీరు పట్టుకోండి. అటూ ఇటూ మేమంతా ఉంటాం."

"నీ కొట్టు చూసుకోక నీకెందుకయ్యా!" అంది హిస్కె.

"మీ అమ్మ పడితే నా మీదేగా పడేది? నా పొట్ట చూడు, పరుపులా లేదూ!"

హిస్కెకు నవ్వాగలేదు. కోపంగానే తనూ కర్ర అందుకుంది.

కదిలాం. కాళ్ల కింద మంచు సన్నగా పాడింది. రెల్లు దుబ్బులు వెండి తలలూపుతూ వెనక్కి పోయాయి. ఆకాశం కింద ఉందో పైన ఉందో తెలియలేదు. వంతెన దగ్గరపడగానే టీచర్ కర్ర వదిలేసింది. మా ముందుకు ఒంటరిగా, చేతులు చాచి, గాలికి వదిలిన ఈకలా జారిపోయింది. మేం ఆమె చుట్టూ చేరాం. వంతెన నీడ ఆమె టోపీని తాకింది, దాటింది!

అప్పుడే ఆమె స్కేటు బ్లేడు మంచు పగుల్లో చిక్కింది.

ఎవరూ చెయ్యి చాచలేదు. అందరికంటే ముందు హిస్కె పడింది. పక్కనే వీబె, ఆ తర్వాత మేమంతా, మోకాళ్లు వంచి, దబదబా. ఆ కుప్ప మీద మెత్తగా వాలింది టీచర్. అడుగున హిస్కె కన్నీళ్లొచ్చేలా నవ్వుతోంది. వంతెన కింద ఆ నవ్వు పదింతలై మోగింది.

టోపీ సర్దుకుని, తన కింద నలుగుతున్న నావైపు చూసింది గెర్బ్రిఖ్ టీచర్.

"అందరూ బాగా పడ్డారు. నువ్వు మాత్రం ఇంకా మోచెయ్యి ఆనించే పడుతున్నావు. లే, ఆ కుర్చీ పట్టుకురా. వానొచ్చేలోగా మొదట్నుంచి నేర్చుకుందువుగాని."