గుంజ మీద రెండు చెక్కలు

మా క్వార్టర్ల లైన్‌లో రాయమల్లుది ఆరో ఇల్లు, నాది ఐదోది. బొగ్గు బాయికి పోయే రోడ్డు మొదటి ఇంటి ముందు మొదలవుతుంది. అంటే డ్యూటీకి పోవాలంటే అయిదిళ్ళ ముందునుంచి నడిస్తే చాలు. రాయమల్లు మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకొని పెరటి తలుపు తీసి, మురికి కాలువ పక్కనుంచి లైనంతా చుట్టి రోడ్డెక్కేవాడు. వానాకాలం అక్కడ పిక్కల దాకా బురద. అయినా అటే పోయేవాడు.

నాకు ఇలాంటివి చూస్తే అన్నం సహించదు. ఆయన పెండ్లాం పూలమ్మను అడిగితే, గాలికి పోతాడక్కా అంది. మురికి కాలువ మీద గాలి ఏం గాలి? నేను మా గడపలో కూర్చొని ముందువైపు తలుపులు ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నాలుగో ఇంట్లో పోస్టుమన్, మూడో ఇంట్లో ముసలి హెడ్ కూలీ. రెండో ఇంట్లో సారవ్వ. అక్కడ నా వేలు ఆగింది.

సారవ్వ మొగుడు బిక్షం, రాయమల్లు బాయిలో జంట టింబర్‌మన్‌లు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే పని వాళ్ళది. అరవై తొమ్మిదిలో, వానలు పడే రోజుల్లో, పని చేస్తున్న చోటనే కప్పు కూలి ఇద్దరూ లోపల చిక్కుకున్నారు. షిఫ్టున్నర తరువాత రాయమల్లును పక్కటెముకలు విరిగిన స్థితిలో బయటికి తీశారు. బిక్షం పీనుగు తెల్లారి వచ్చింది. సారవ్వకు పైన క్యాంటీన్‌లో పని ఇచ్చారు, ఇల్లు ఉండనిచ్చారు. రాయమల్లు రెండు నెలలు దవాఖానలో ఉండి మళ్ళీ అదే బాయి దిగాడు. తాను బతికి వచ్చి, తోడువాడు రాకపోతే ఆ ఇంటి ముందు నడవడానికి మొహం చెల్లదు కదా అని మేమంతా అనుకున్నాం. నేను కూడా అంతే అనుకొని కొన్నాళ్ళు ఊరుకున్నాను.

దవాఖాన నుంచి వచ్చాక రాయమల్లు మాట తగ్గిపోయింది. ఇంట్లో ఉన్నంతసేపూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. తలుపు మూస్తే మండిపడేవాడు. అది చూసే బెల్లంపల్లి తీతు ఆయనను బొమ్మల పనిలోకి లాగాడు. తీతు రిటైరైన టింబర్‌మన్. వాళ్ళ చర్చిలో క్రిస్మసు కార్డులకు చెక్క అచ్చులు చెక్కీ చెక్కీ చెయ్యి తిరిగినవాడు. తనతో కలిపి అలాంటి సరదా ఉన్న అయిదుగురిని ఒక జట్టు కట్టాడు. అందరూ గుంజల పనిలో అరిగిన చేతులవాళ్ళే. నస్పూర్ నుంచి ఒకరు, కమాన్‌పూర్ నుంచి ఒకరు, బెల్లంపల్లి వాళ్ళు ఇద్దరు, అయిదోవాడు మా రాయమల్లు.

పనిముట్లకు వాళ్ళు బజారుకు పోయేది లేదు. వంటచెరకు కింద ఇంటికి తెచ్చుకునే గుంజల తునకల్లో మంచి టేకు ముక్క ఏరి, నున్నగా చిత్రిక పట్టేవారు. విరిగిన హాక్సా బ్లేడును రాయి మీద నూరితే కత్తి. దీపం మసిలో అవిసె నూనె కలిపితే సిరా. చెక్కకు సిరా పూసి, దాని మీద కాగితం పరిచి, వెనుకనుంచి గరిటె వీపుతో రుద్దేవారు. చెక్కి తీసేసినచోట తెలుపు, చెక్కకుండా వదిలినచోట నలుపు. గరిటె నాదే. మొదటిసారి మసి పూసుకొని తిరిగి వస్తే నేను పూలమ్మతో వారం మాట్లాడలేదు. తరువాత కాగితానికి ముందు పల్చటి గంజి పట్టిస్తే సిరా పాకదని చెప్పింది కూడా నేనే. ఆ ఉపాయం బెల్లంపల్లి దాకా పోయిందని తెలిసి గరిటె సంగతి మరిచిపోయాను.

నెలకొకసారి ఒక్కొక్కరూ ఒక బొమ్మ చెక్కి నాలుగు అచ్చులు తీసి, రైలెక్కే షిఫ్టువాళ్ళ చేతికిచ్చి మిగతా నలుగురికీ పంపాలి. అందుకున్నవాడు బొమ్మ వెనుక ఒక తప్పు, అది దిద్దే ఉపాయం రాసి వెనక్కి పంపాలి. ఒక్కటే తప్పు. బాగుంది అని రాయకూడదు. రాస్తే తీతుకు కోపం. మెచ్చుకుంటే చెయ్యి మొద్దుబారుతుందనేవాడు. ఇంకో నియమం, అచ్చు తీసే ముందు చెక్కను అద్దంలో చూసుకోవాలి. చెక్క మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది కాబట్టి. రాయమల్లు పూలమ్మ అద్దం తీసుకొని ప్రతి చెక్కనూ చూసుకునేవాడు. నేను నాలుగో తరగతి చదివినదాన్ని, వెనుక రాతలన్నీ కూడబలుక్కొని చదివేదాన్ని. చదవమని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

రాయమల్లు బొమ్మలన్నీ బాయి లోపలివే. నల్లటి కాగితం మీద ఎక్కడో ఒక దీపపు చుక్క. వెనుక ప్రతి నెలా ఒకటే రాత. 'నలుపు ఎక్కువైంది. ఇంకా చెక్కు.' ఆయన చెక్కేవాడు కాదు. అడిగితే, లోపల గట్లనే ఉంటదక్కా అనేవాడు.

డెబ్బై రెండు ఎండాకాలంలో పూలమ్మ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఆయన రెండు నెలలుగా బొమ్మ పంపలేదు, మూడో నెల తప్పితే జట్టులోంచి తీసేస్తారు, ఆ మనుషులతో తప్ప ఆయన ఎవరితోనూ మాట కలపడు, అది కూడా పోతే ఇంక ఇంట్లో నేను గోడతో మాట్లాడుకోవాలె అని కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నాకు పెట్టె గుర్తుకు వచ్చింది. అటుకుల జల్లెడ కోసం వాళ్ళింట్లో వెతికేటప్పుడు పెట్టె కింద పాత చీరలో చుట్టిన నాలుగు అచ్చులు చూశాను. జల్లెడ పెట్టె కింద ఎందుకుంటుందని అడగకండి. నాలుగూ ఒకే బొమ్మ. కప్పు కింద ఒక గుంజ, గుంజకూ కప్పుకూ మధ్య బిగించిన చెక్కలు, పక్కన సుత్తె పట్టుకొని ఒక మనిషి. మొహం మనవైపు తిప్పి నోరు మూసుకొని చూస్తున్నాడు. మిగతా అన్నింటికంటే అదే బాగా వచ్చింది.

అవి పంపేద్దాం అన్నాను. పూలమ్మ జంకింది. నేనే చుట్టి, బెల్లంపల్లి రైలుకు పోతున్న మనిషి చేతిలో పెట్టాను.

రాయమల్లు షిఫ్టు దిగి వచ్చి సంగతి విన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. గడప మీద కూలబడి, "ఎవలెవలికి పోయినయక్కా?" అని మాత్రం అడిగాడు. నలుగురికీ అన్నాను. "నలుగురూ బాయి మనుషులే," అన్నాడు. అవి తిరిగి వచ్చేదాకా, పదిహేను రోజులూ, ఆయన మా గోడ అవతల మెదిలిన చప్పుడు లేదు. రైలు దిగిన మనిషి లైన్‌లోకి వస్తే చాలు, లేచి నిలబడేవాడు.

అచ్చులు తిరిగి వచ్చాయి. నాలుగు కాగితాల వెనుకా ఒకటే తప్పు. 'గుంజ మీద రెండు చెక్కలు గీసినవ్. ఒకటే ఉండాలె. మధ్య గీత తీసెయ్.' నస్పూర్ మనిషి అయితే ఏ బ్లేడుతో తీయాలో కూడా రాశాడు. రాయమల్లు నాలుగూ చదివి నవ్వాడు. మూడేళ్ళలో ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. తరువాత కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అంత తప్పు ఎలా వచ్చిందో అడగడానికి మరుసటి ఆదివారం తీతే స్వయంగా వచ్చాడు. మధ్యాహ్నం, మా ఇంటి గోడ పక్కన మంచం వేసుకొని కూర్చున్నారు. గోడకు ఇవతల నాకు చింతపండు గింజ తీసే పని పడింది.

"ఇరవై ఏండ్ల సంది గుంజలు పెడుతున్నవ్. రెండు చెక్కలు ఎట్ల గీసినవ్‌ర? చిన్న పోరడు గూడ గీయడు."

"అన్నా, గది బొమ్మల తప్పు గాదు. గట్లనే పెట్టిన."

రాయమల్లు చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు చేతిలో ఉన్న గుంజ పొట్టిది. పొడుగు గుంజలు మలుపు దగ్గర పడి ఉన్నాయి, తేవాలంటే అరగంట. షిఫ్టు అయిపోవచ్చింది. పొట్టి గుంజనే నిలబెట్టి, సందు పూడ్చడానికి ఒకటి పెట్టాల్సిన చోట రెండు చెక్కలు పెట్టి కొట్టాడు. బిక్షం ఆగుదాం అన్నాడు, పొడుగుది తెద్దాం అన్నాడు. ఈయన ఆగలేదు. పై చెక్క జారి గుంజ పడింది, కప్పు కూలింది. తరువాత విచారణకు వచ్చినవాళ్ళు కప్పు గురించి అడిగారు కాని చెక్కల గురించి ఎవరూ అడగలేదు. ఈయన చెప్పలేదు.

"ఒక్క చెక్క ఉంటే పడకపోవునా అన్నా?"

"నాకు తెల్వది," అన్నాడు తీతు. మళ్ళీ తనే అన్నాడు. "దీని యెనుక నేను రాసింది కొట్టేస్త. దీనికి తప్పు రాయవలసింది నేను గాదు. ఆమె."

ఆమె ఎవరో ఇద్దరూ చెప్పుకోలేదు. నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళుగా ఆయన బురదలో ఎందుకు నడిచాడో ఇప్పుడు తెలిసింది. తెలియకపోయినా బాగుండేదనిపించింది. నాకలా అనిపించడం అరుదు.

ఇంకో ఆదివారం గడిచాక రాయమల్లు అచ్చు చుట్టుకొని నా గడప ముందు నిలబడ్డాడు. "అక్కా, ఆమెకు రాత రాదు. నువ్వొచ్చి రాయాలె." పెన్సిల్ తీసుకొని వెంట నడిచాను. ముందువైపు నుంచే పోయాం. నాలుగో ఇల్లు, మూడో ఇల్లు. మూడో ఇంటి దగ్గర ఆగి చెప్పులు సర్దుకున్నాడు. చెప్పులకేం కాలేదు.

సారవ్వ బియ్యం చెరుగుతోంది. ఆయన నిలబడే చెప్పాడు, తీతుకు చెప్పినదంతా, ఒక్క మాట తగ్గించకుండా. జట్టు నియమం కూడా చెప్పాడు. సారవ్వ చేట పక్కన పెట్టి కాగితం తీసుకొని వెలుతురుకు పట్టింది. ఎంతసేపు చూసిందంటే, చేటలోకి పిచ్చుక వచ్చి కూర్చున్నా అదిలించలేదు.

"గీ మనిషి ఎవలు?"

"బిక్షం."

"మా ఆయన గాదు. ఆయన సుత్తె ఎడమ చేత పట్టేది. రాయి అక్కా."

నేను కాగితం చూశాను. సుత్తె కుడి చేతిలో ఉంది. పదేళ్ళు ఒకే లైన్‌లో ఉన్నా నాకు తట్టలేదు. రాయమల్లు ముఖం తెల్లబోయింది. చెక్క మీద ఎడమ చెయ్యే చెక్కాడు. ఆ ఒక్క చెక్కనూ అద్దంలో చూసుకోలేదు, చూడలేకపోయాడు.

"మరి రెండు చెక్కల సంగతి?" అన్నాడు.

"అది తప్పు గాదంటివి కద. గట్లనే పెట్టిన అంటివి. మరి నేనేం రాయిస్త?" కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది. "తప్పు దిద్ది తే."

ఆయన కొత్త చెక్క తీసుకొని మొత్తం మళ్ళీ చెక్కాడు. రెండు నెలలు పట్టింది. సారవ్వ చూసి, ఆయన చెవి తమ్మె చీలి ఉండేదని రాయించింది. మళ్ళీ చెక్కి తెచ్చాడు. అంగీ చేతులు మోచేతి పైకి మడిచేవాడంది. ఒకసారి మీసం, ఒకసారి నడుము వంపు. రమ్మని పిలవదు, పొమ్మని అనదు. రెండు చెక్కల మాట ఎత్తదు. రాయమల్లు ఇప్పుడు ముందువైపు నుంచే డ్యూటీకి పోతాడు కాని రెండో ఇంటి ముందు అడుగు దానంతట అదే ఆగుతుంది.

"గీమె నన్ను ఇడుస్తలేదక్కా," అన్నాడొకసారి.

"ఇడువమని అడిగినవా?"

అడగలేదన్నాడు.

మొన్న డెబ్బై ఆరు దసరా ముందు ఏడో అచ్చు తెచ్చాడు. చెయ్యి, చెవి, అంగీ, మీసం అన్నీ కుదిరాయి. నాకైతే బిక్షం ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. ఇంక ఏం రాయిస్తుందిలే అని పెన్సిల్ కొంగున ముడేసుకున్నాను. సారవ్వ వేలు కాగితం మీద పాకి పాకి మొహం దగ్గర ఆగింది.

"నోరు మూసుకొని ఉన్నడు," అంది. "ఆగుదామన్నడంటివి కద."

ముడి విప్పి రాశాను. రాయమల్లు కాగితం తీసుకొని ఇంటికి పోయాడు. నోరు తెరవాలంటే మొహంలో నలుపు చెక్కి తీయాలి. ఆ సాయంత్రం గోడ అవతల బ్లేడు నూరుతున్న చప్పుడు వినపడింది. కాసేపు నూరేవాడు, ఆగేవాడు. మళ్ళీ నూరేవాడు.